పొయ్యిలో పొగ - పట్నంలో గాలి



పుష్యమాసంలో పొద్దుగూకే వేళ చేను గట్టుమీద నిలబడి మీ ఊరివైపు ఒక్కసారి చూడండి. ఇళ్ళ కప్పులకు పైన, కొబ్బరి తలలకు కింద తెల్లని పొర ఒకటి పరచుకొని ఉంటుంది. దాన్ని చూచి కొందరు మంచు అంటారు. మంచు తెల్లవారుజామున పడేది. ఇది సాయంకాలం పొయ్యిలు రాజేసినప్పటి పొగ. పైకీ పోదు, పక్కకూ పోదు. రాత్రి చాలాసేపు ఊరిని పట్టుకొని ఉంటుంది.

ఎందుకు పోదు? పగలు ఎండకు నేల కాగుతుంది. నేలనంటిన గాలి వేడెక్కి, తేలికపడి, పైకి లేస్తుంది. లేస్తూ పొగను కూడా మోసుకుపోతుంది. చలికాలపు రాత్రి దీనికి తలకిందులుగా జరుగుతుంది. నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందనే ఉండిపోతుంది. దానిమీద కొంచెం వెచ్చని గాలి మూత మాదిరిగా కూర్చుంటుంది. గాలి వీచినదాకా, ఎండ ఎక్కినదాకా ఆ మూత తెరుచుకోదు. అంతవరకు మనం వదిలిన పొగను మనమే పీల్చవలెను.

ఇట్లాంటి మూత ఒక మహానగరం మీద అయిదు రోజులు కూర్చుంటే ఏమయిందో చెబుతాను, వినండి.

అది 1952వ సంవత్సరం, డిసెంబరు 5వ తేదీ. లండను నగరం. చలి ఎక్కువగా ఉన్నది. ఆ రోజుల్లో అక్కడ ఇంటింటా గది వెచ్చదనానికి నేలబొగ్గు కాల్చేవారు. గాలి స్తంభించింది, మూత పడింది. లక్షల ఇళ్ళ పొగగొట్టాల నుంచి, కర్మాగారాల నుంచి, విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చిన పొగ మంచుతో కలిసి నగరాన్ని కమ్మింది. పట్టపగలు చాచిన చెయ్యి కనిపించలేదు. బస్సులు ఆగిపోయినవి. 9వ తేదీన గాలి వీచిన తర్వాతగాని జనానికి ఊపిరి ఆడలేదు. ఆ పొగవల్ల సుమారు 4,000 మంది చనిపోయారని అప్పటి లెక్క. తరువాతి కాలపు పరిశోధకులు లెక్కలు తిరగవేసి, ఆపై నెలల్లో పోయినవారిని కూడా కలిపి, ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునన్నారు.

పశువుల సంగతి మీకు చెప్పకుండా ఉండలేను. సరిగ్గా అదే వారంలో లండనులో పేరుపొందిన స్మిత్‌ఫీల్డు పశుప్రదర్శన జరుగుతున్నది. బహుమతులకోసం పెంచిన మేలుజాతి పశువులను పల్లెలనుంచి తెచ్చారు. ఊపిరాడక వాటిలో కొన్ని చనిపోయినవి, కొన్నింటిని కోయవలసి వచ్చినది. పల్లెగాలికి అలవాటుపడిన పశువు పట్నపు గాలికి తట్టుకోలేకపోయింది.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటున్నది. ఆ నగరాన్ని ఒక్క పెద్ద పొగగొట్టం చంపలేదు. ప్రతి ఇల్లూ తనవంతుగా కొద్దిపాటి పొగ వదిలింది. "నా ఒక్క ఇంటి పొగ ఎంత?" అని ప్రతివారూ అనుకొని ఉంటారు. 1956లో అక్కడ స్వచ్ఛమైన గాలికోసం ఒక చట్టం వచ్చినది. కొన్ని ప్రాంతాలను పొగ రాని ప్రాంతాలుగా ప్రకటించారు. పొగ రాని ఇంధనానికి తగినట్లు ఇంటి పొయ్యిలను మార్చుకొనేందుకు అయ్యే ఖర్చులో చాలా భాగం ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ భరించినవి. తప్పు చేశారని శిక్షించి ఊరుకోలేదు. పొయ్యి మార్చుకోవడానికి చేయూత నిచ్చారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ఇక మన పొయ్యి దగ్గరకు వద్దాం.

అసలు పొగ అంటే ఏమిటి? కట్టెను వేడిచేస్తే ముందు అందులోని నీరు ఆవిరి అవుతుంది. తరువాత కట్టెనుంచి కొన్ని వాయువులు బయలుదేరతాయి. చాలినంత గాలీ, చాలినంత వేడీ ఉంటే ఆ వాయువులు మంటగా మండి వేడినిస్తాయి. గాలి చాలకపోయినా, కట్టె పచ్చిగా ఉన్నా అవి మండకుండానే బయటకు పోతాయి. అదే పొగ. అనగా పొగ అంటే కాలకుండా పోయిన కట్టె అన్నమాట. ఇల్లాలు అడవికి పోయి మోపు కట్టి నెత్తిన పెట్టుకొని తెచ్చిన కట్టెలో కొంత భాగం వంటకు రాకుండా ఆమె కళ్ళలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోతున్నది. మూడు రాళ్ళ పొయ్యిలో పుట్టిన వేడిలో నూటికి 10, 15 పాళ్ళు మాత్రమే గిన్నెకు చేరుతుంది. అదే గ్యాసు పొయ్యిలో నూటికి 60 పాళ్ళకు పైగా చేరుతుంది.

ఆ పొగలో కంటికి కనపడని నలుసులు ఉంటాయి. మన తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రానులు అనుకుంటే, ఈ నలుసులు 2.5 మైక్రానులకు లోపే. ముక్కులోని వెంట్రుకలు వీటిని ఆపలేవు. దగ్గితే రావు. ఊపిరితిత్తుల అడుగుకు పోయి, అక్కడినుంచి రక్తంలోకి కూడా చేరతాయి. ఘనమీటరు గాలిలో ఈ నలుసులు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో మన దేశం ప్రమాణం పెట్టుకున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 5 మైక్రోగ్రాములు చాలునన్నది. తలుపు మూసిన వంటింట్లో కట్టెల పొయ్యి మండుతున్నంతసేపు ఈ లెక్క వందలు దాటిపోతుంది. ఆ వందల్లో కూర్చునేది ఎవరు? వంట చేసే తల్లి, ఆమె ఒడిలోని బిడ్డ.

చిన్నపిల్లలకు ఊపిరితిత్తులలో చెమ్మచేరి వచ్చే న్యుమోనియా, పెద్దవారికి ఏళ్ళతరబడి వదలని ఆయాసం, కళ్ళకు శుక్లాలు, గుండెజబ్బు, పక్షవాతం, కడుపులోని బిడ్డ బరువు తగ్గడం - వీటన్నిటికీ వంటింటి పొగతో సంబంధం ఉన్నదని వైద్యులు తేల్చారు. ఇంటి పొగవల్ల 2020వ సంవత్సరంలో ప్రపంచం మొత్తంమీద 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలే. "మా అమ్మ, మా అమ్మమ్మ ఈ పొయ్యి మీదనే వండారు గదా" అని ఎవరైనా అంటే, ఆ అమ్మమ్మ ఎన్నేళ్ళు దగ్గుతో తీసుకున్నదో కూడా జ్ఞాపకం చేసుకోమనండి.

ఈ కష్టాన్ని మన తెలుగు ప్రాంతంలో ముందే గుర్తించినవారు ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టరు ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోదగిన, పొగగొట్టం గల పొయ్యి ఒకటి రూపొందించారు. ఒక్క మంటమీద ఒకటికి మించి గిన్నెలు ఉడికేటట్లు, పొగ కప్పు పైకి పోయేటట్లు దాని ఏర్పాటు. పొగలేని వంటిళ్ళను గురించి ఆయన వ్రాసిన పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. లండనులో పొగ కమ్మిన మరుసటి సంవత్సరమే అన్నమాట. తరువాత 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలయి 2002 వరకు నడిచింది. దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు.

మరి పొగ ఎందుకు పోలేదు? కట్టిన పొయ్యిలు చాలా చోట్ల రెండు మూడేళ్ళలో బీటలు వారినవి. పొగగొట్టంలో మసి పేరుకుంటే తీసినవారు లేరు. గిన్నె అడుగుకు తగ్గట్టు పొయ్యి నోరు కుదరక ఆడవారే కొన్ని పగులగొట్టారు. ఇంకొక లోపం కూడా ఉన్నది. పొగగొట్టం పొగను వంటింట్లోనుంచి వీధిలోకి పంపుతుంది. అంతేగాని పొగను లేకుండా చేయదు. పక్కింటి పొగ మన ఇంట్లోకి, మన పొగ పక్కింట్లోకి. అందువల్ల పొగగొట్టం మంచిదే గాని, అది సగం మందు మాత్రమే.

మిగతా సగం, పొగరాని ఇంధనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం ద్వారా మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో కేంద్రప్రభుత్వం ఉజ్జ్వల పథకం ప్రారంభించింది. 2019 సెప్టెంబరు నాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మంచి ఇంధనంతో వంట చేసుకొనే ఇళ్ళు తెలంగాణలో నూటికి సుమారు 92, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 84.

"ఇంకేమి, పని అయిపోయింది గదా!" అంటారా? ఆగండి. ఆ సర్వేలో అడిగేది ముఖ్యంగా ఏ ఇంధనం వాడుతారని. మన ఇళ్ళలో గ్యాసు పొయ్యి వచ్చినా రెండో పొయ్యి పోలేదు. పెరట్లో స్నానాల నీళ్ళకాగు కింద కట్టెలే. ఎడ్లకు ఉలవలు ఉడికించే కుండ కింద కందికంపే. పండుగనాడు, చుట్టాలు వచ్చిననాడు పెద్ద వంటకు మళ్ళీ మూడు రాళ్ళే. 2023-24లో ఉజ్జ్వల ఇళ్ళలో సగటున ఏడాదికి 4 బండలకు లోపే వాడారు. వంటంతా గ్యాసుమీద చేసే ఇంటికి ఆ నాలుగు చాలవని మీకు తెలిసిందే. మిగతా రోజుల్లో మండినది కట్టె.

దీనికి కారణం సోమరితనం కాదు. కట్టె చేలో ఊరికే దొరుకుతుంది. బండకు చేతిలో డబ్బు కావలె. నిజమే. కాని ఒక మాట నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. బండకు డబ్బు తీసేది చాలా ఇళ్ళలో మగవారు. పొగ పీల్చేది ఆడవారు. ఎరువు బస్తా తెచ్చేటప్పుడు, పురుగుమందు తెచ్చేటప్పుడు "ఊరికే దొరికేది ఉన్నదిగా" అని ఆలోచించం. బండ దగ్గరే ఆలోచన వస్తుంది. 2024లో తెలంగాణలో 500 రూపాయలకు బండ ఇచ్చే పథకమూ, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 బండలు ఉచితంగా ఇచ్చే పథకమూ మొదలయినవి. లండనువారు పొయ్యి మార్చుకోవడానికి చేయూత ఇచ్చినట్లే ఇదీను. మీ ఇంటికి రావలసినది వస్తున్నదో లేదో కనుక్కోండి. వస్తే ఆ బండను పూర్తిగా వంటకే వాడండి.

ఇప్పుడు పట్నం సంగతి.

1951లో మన దేశంలో నూటికి 17 మంది పట్టణాల్లో ఉండేవారు. 2011 నాటికి 31 మంది అయినారు. నిన్నటి వరిచేను నేడు ఇళ్ళస్థలం. పట్నం పెరిగితే ఇటుక కావాలి, వాహనం కావాలి, కరెంటు కావాలి. ఇటుక బట్టీ ఊరి చివర పొగ వదులుతుంది. లారీ రోడ్డుమీద వదులుతుంది. పట్నంలో చల్లని గది యంత్రం తిరిగితే దాని పొగ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం దగ్గర లేస్తుంది. చెత్త ఎత్తలేని చోట తగలబెడతారు. ఇవన్నీ కలిసి పట్నపు గాలిని పాడుచేస్తున్నవి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి పెద్ద నగరాలేగాక నల్లగొండ, శ్రీకాకుళం వంటి ఊళ్ళు కూడా చేరినవంటే, ఇది పెద్ద నగరాల జబ్బు మాత్రమే కాదని తెలుస్తున్నది.

అయితే పట్నం ఒక్కటే దోషి అనుకొని మనం చేతులు దులుపుకోరాదు. 2015వ సంవత్సరపు లెక్కలు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, దేశంలో బయటి గాలిలోని సన్న నలుసులవల్ల కలిగే మరణాలలో సుమారు నాలుగో వంతుకు ఇళ్ళలో కాలే కట్టె, పిడక, చొప్పల పొగే కారణమన్నారు. అనగా మన పొయ్యి పొగ పట్నానికి పోతున్నది. పట్నపు పొగ మన చేనికి వస్తున్నది. గాలికి సరిహద్దు రాళ్ళు లేవు.

పట్నపు పొగ చేనికి వస్తే ఏమవుతుంది? వాహనాల పొగలోని వాయువులూ, పొయ్యి పొగలోని వాయువులూ ఎండలో కలిసి ఓజోను అనే వాయువుగా మారతాయి. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఓజోను మనకు గొడుగు. నేలమీద పుట్టే ఓజోను పైరుకు విషం. మధ్యాహ్నపు వేళ ఇది హెచ్చుగా ఉంటుంది. పట్నంలో కంటే గాలివాటున ఉన్న పల్లెల్లో ఎక్కువగా కూడా ఉండవచ్చు. ఆకు అడుగున ఉండే సన్నని రంధ్రాలద్వారా లోపలికి పోయి, ఆకును తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. గింజ పాలుపోసుకొనే సమయానికి ఆకు శక్తి తగ్గుతుంది. 2005వ సంవత్సరంలో దీనివల్ల మన దేశంలో గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి సుమారు 21 లక్షల టన్నులు నష్టపోయామని పూనాలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 2014లో లెక్కకట్టారు. తెగులు కాదు, పురుగు కాదు, నీటి ఎద్దడి కాదు. కంటికి కనపడని దొంగ.

మామిడి రైతులు ఇంకొకటి తెలుసుకోవాలి. ఉత్తర హిందూస్థానంలో ఇటుక బట్టీల దగ్గరి తోటల్లో పిందె కొన నల్లబడి, కుళ్ళి, కాయ పనికిరాకుండా పోయే జబ్బు ఒకటి ఎప్పటినుంచో ఉన్నది. దాన్ని మొన నలుపు అనవచ్చు. అది శిలీంధ్రంవల్ల వచ్చేది కాదు, బట్టీ పొగలోని వాయువులవల్ల వచ్చేది. లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్సు కలిపి పూతకు ముందు, పూత సమయంలో, పిందె కట్టిన తర్వాత చల్లితే కొంత ఉపశమనం ఉంటుంది. కాని అసలు మందు బట్టీని తోటకు దూరంగా ఉంచడమే. మీ తోట పక్కన కొత్త బట్టీకి అనుమతి అడుగుతున్నారని తెలిస్తే ముందే పంచాయతీలో మాట్లాడండి. పొగ మొదలయిన తర్వాత మాట్లాడి లాభం తక్కువ.

ఇంతవరకు కష్టాలు చెప్పాను. చేయగలిగిన పనులు చెబుతాను.

మొదటిది: బండ ఉన్న ఇంట్లో వంట మొత్తం దానిమీదనే చేయండి. పప్పులు ముందుగా నానబెట్టి, గిన్నెమీద మూతపెట్టి, కుక్కరు వాడితే బండ ఎక్కువ రోజులు వస్తుంది. నీళ్ళకాగు మానలేకపోతే, దాన్ని వంటింటికీ, పిల్లలు పడుకొనే చోటుకూ దూరంగా, గాలి వాలు చూచి పెట్టండి.

రెండవది: కట్టె కాల్చక తప్పనివారు ఎండుకట్టెనే కాల్చండి. కొట్టిన వెంటనే పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. చీల్చి, వానకు తడవకుండా కప్పు కింద పేర్చి, ఒక వేసవి ఆరనిచ్చి వాడండి. పొయ్యి రాజేయడానికి ప్లాస్టికు సంచులు, రబ్బరు ముక్కలు ఎన్నడూ వాడవద్దు. పొగగొట్టం ఉంటే అది కప్పుకు రెండు మూడు అడుగులు పైకి ఉండవలెను. నెలకొకసారి మసి దులపవలెను.

మూడవది: నాలుగయిదు పశువులున్న రైతు పేడగ్యాసు ప్లాంటు గురించి ఆలోచించండి. 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. ఒక కుటుంబం వంటకు అది సరిపోతుంది. పిడక చేసి కాల్చితే పేడలోని నత్రజని గాలిపాలు. గ్యాసు తీసుకున్న తర్వాత మిగిలే ముద్ద మళ్ళీ చేనికి ఎరువు. ఒకే పేడతో పొయ్యీ, పొలమూ రెండూ నిలబడతాయి.

నాలుగవది: వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, పత్తికట్టె చేలో తగలబెట్టవద్దు. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే నత్రజని దాదాపు అంతా పోతుంది. బజారులో కొన్న ఎరువును మీ చేతులతో తగలబెడతారా?

అయిదవది: భోగిమంట వేసుకోండి, మన పండుగ మనం మానవద్దు. కాని అందులో టైర్లు వేయవద్దు. చలికి కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పడుకోవద్దు. బొగ్గునుంచి వచ్చే ఒక వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఉపన్యాసం కంటే ప్రదర్శన మేలని మీకు తెలుసు. రెండు తెల్లని గుడ్డలు తీసుకోండి. ఒకదాన్ని తడిపి కట్టెల పొయ్యికి రెండు మూరల పైన ఒక పూట వంట అయినదాకా కట్టించండి. రెండోదాన్ని గ్యాసు పొయ్యిమీద అదే ఎత్తున కట్టించండి. సాయంకాలం సభలో రెండూ పక్కపక్కన పట్టి చూపండి. "మొదటి గుడ్డకు పట్టిందే వంటచేసిన తల్లి గుండెల్లోనూ పట్టింది" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. ఆ సభకు మగవారిని తప్పక పిలవండి. బండకు డబ్బు తీయవలసినవారు చూడకపోతే ప్రయోజనం సగమే.

సోదరులారా, బావిలో నీరు మురికైతే కాచి తాగవచ్చు, వేరే బావికి పోవచ్చు. గాలి మురికైతే ఏ గాలికి పోతాము? రేపు సాయంకాలం చేనునుంచి వచ్చేటప్పుడు ఊరిమీది ఆ తెల్లని పొరను మరొకసారి చూడండి. అందులో మీ ఇంటి పాలు ఎంతో ఆలోచించండి. ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, ఒక్క పది నిమిషాలు మీ ఇల్లాలి పక్కన ఆ పొయ్యి దగ్గర కూర్చోండి. కళ్ళు మండి లేచిపోవాలనిపిస్తే, ఆమె అక్కడ ఎన్నేళ్ళుగా కూర్చున్నదో లెక్కవేయండి. ఆ తరువాత ఏమి చేయవలెనో నేను చెప్పనక్కరలేదు.